పొడి నునుపు

యశ్వంతపురం మార్కెట్ యార్డు వెనక సందులో
మోటార్లకు తీగ చుట్టే కొట్టు నాది.
ఓ శనివారం మాచయ్యగారు ఆటోలోంచి
పాత గ్రైండరు దింపించి
"గుండు తిరగాలి" అన్నారు కన్నడంలో.
రుబ్బుగుండే అనుకున్నాను.
బేరింగు అరిగిందేమోనని చెయ్యి పెట్టి కదిపాను.
ఆయన జేబులోంచి రుమాలు తీసి విప్పారు.
రాగిరంగు తూటా మొనలు,
మందు లేదు, ఇత్తడి తొడుగు లేదు,
చంటిపిల్ల కాలివేళ్లంత.
"ఈ గుండు."

కొడగు మనిషి. లైసెన్సు
నేను అడక్కముందే బల్ల మీద పెట్టారు.

రాయి తీసేశాను.
నిదానంగా తిరగడానికి కప్పీ మార్చాను.
మూత బిగించిన డబ్బాలో గుండ్లు, ఉక్కు గోళీలు,
చెంచాతో కాస్త నల్లపొడి.
మాలిబ్డినం అన్నారాయన. నాకు నోరు తిరగక
మాలిబొగ్గు అన్నాను. ఆ పేరే నిలిచిపోయింది.
"ఇరవై ఏళ్లు నా ఇడ్లీలకు రుబ్బింది,
దాని నోట మసి కొట్టారు కదయ్యా"
అని బోజమ్మగారు ఫోన్లో నన్నే తిట్టారు.

గంటన్నర గలగల.
మూత తీస్తే నేరేడుపళ్లు.
తడి కాదు, జిడ్డు కాదు.
పట్టుకుంటే జారాయి,
పట్టుకున్న సంగతి వేళ్లకు తెలియకుండానే.
"నూనె దుమ్మును చుట్టంలా పిలుస్తుంది,
ఇది ఎవర్నీ పిలవదు" అన్నారు.
మా హిందూపురం మాటలో
తడి లేనిదీ పొడే, దంచిందీ పొడే అని చెప్పాను.
పొడి, పొడి అని
రెండుసార్లు నోట్లో వేసుకుని చూశారు.

ఒకసారి తెల్లారగట్ల రేంజికి తీసుకెళ్లారు.
మెరిసేలా తోమిన గొట్టం.
మొదటి గుండు ఎక్కడికో పోయింది.
రెండోది దాని వెనకే.
అయిదోదాకా ఆయన పుస్తకం తెరవలేదు.
"లోపల కూడా మసి పరుచుకోవాలి.
కొత్త చెప్పు కదా, నాలుగు వీధులు నడవనీ."
ఆరోదాన్నించి కాగితం మీద చిల్లులు
ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి.

నేను చెవులు మూసుకుని
ఆ పూత గురించే ఆలోచిస్తున్నాను.
వెంట్రుకలో ఎన్నో వంతో కూడా లేదు,
రాగి రాలకుండా, ఇనుము నొచ్చకుండా
రెంటి మధ్యా ఓ రెప్పపాటు రాజీ.
నా కొట్టు గోడకు అవతలి కొట్టు మా తమ్ముడిది.
పదకొండేళ్లు.
అంత పల్చటిదైనా ఏదీ లేదు మా మధ్య.

ఆగస్టు ముసురులో తుడవడం మరిచిన గొట్టానికి
మసి కింద చెమ్మ, చెమ్మ కింద తుప్పు.
"పొడి తప్పు కాదు" అన్నారు మాచయ్యగారు.
"కింద ఏముందో చూసుకోలేదు నేను."

మరుసటేడు మామిడికాయల రోజుల్లో
ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది.
చెంచాలో పొడి చెంచాలో నిలవలేదు.
గుండుకైతే నునుపు పూశాం.
వేలికి ఏం పూస్తాం?

గ్రైండరు తిరిగి నా దగ్గరికే వచ్చింది,
రాయి మళ్లీ పెట్టమని.
మూత సందుల్లోంచి ఎలా కారిందో,
ఎనిమిది నీళ్లు పోసినా అడుగున సన్నటి వెండితెర.
ఇందులో ఇక పిండి వద్దమ్మా అన్నాను.
బోజమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు.
కరివేపాకు మొక్క పెడతానన్నారు.

పాత బిల్లు పుస్తకంలో ఆయన సంతకం పక్కన
బూడిదరంగు బొటనవేలు ఒకటుంది.
వెయ్యాలని వేసింది కాదు.
గీతలన్నీ విడివిడిగా, వణుకు లేకుండా.

డబ్బా అడుగున చిటికెడు మిగిలింది.
నిన్న రాత్రి దాన్ని
తమ్ముడి షట్టరు తాళంలోకి ఊదాను.
పొద్దున వాడు తాళంచెవి తిప్పి, ఆగి,
మళ్లీ తిప్పి చూశాడు.
నేను తీగ చుట్టుకుంటున్నాను, తల ఎత్తలేదు.