అయ్య గురుతు

కళింగపట్నం లైటుహవుసు మీదికి
శాలిహుండం కొండొచ్చి కూకోవాల.
ఉత్తరాన జంట తాళ్ళు ఒకటైపోవాల.
అక్కడ గుండు దించితే
అడుగున రాయి తగుల్తాది,
రాయి సుట్టూ కోనం సేపలు.

ఆ గురుతు మా అయ్య సూరాడ పోలయ్య
తమ్ముళ్ళకి కూడా సెప్పలేదు.
తెప్పని తిన్నగా ఒడ్డుకి తేడు.
బందరువానిపేట దాకా ఎల్లి ఎనక్కొస్తాడు,
సూసినోళ్ళు సముద్రమంతా ఎతుక్కోవాలని.
నాకు మాత్రం సెప్పినాడు, తొమ్మిదేళ్ళప్పుడు.
ఆడగుంటకెందుకని నవ్వినోళ్ళతో
"దాసుకోడం దీనికే పనికొస్తాది" అన్నాడు.

మా ఆయన ఎల్లాజీ వేరావల్ బోటు మీదున్నాడు.
ఎల్లీ ముందు నా ఫోనులో ఏటేటో నొక్కి
"నువ్వెక్కడున్నావో కనబడతాదే,
దైర్నంగా ఉంటాది" అన్నాడు.
ఎవలికి దైర్నం?
అడగలేదు.

ఆ కాడ్నించీ నానొక నీలి సుక్కని.
ఎండు సేపల గంపతో బస్సెక్కితే
సుక్క కూడా బస్సెక్కుతాది.
రాగోలు ఆసుపత్రిలో అరగంట కూకుంటే
గుజరాత్ నించి ఫోను:
"ఆసుపత్రికెందుకెల్నావు?"
నెల తప్పినాదని
నాకే ఇంకా నాను సెప్పుకోలేదు.

మరి ఆయన?
ఒడ్డు దాటితే సిగ్నలుండదు.
ఇరవై దినాలు, ఒక్కోపాలి నెల,
ఏ దేశం నీళ్ళల్లో వలేసినాడో
అడగడానికి నాకు సుక్కే లేదు.

పక్కింటి డిగ్రీ గుంట ఝాన్సీ
నా ఫోను సూసి ముక్కు మీద ఏలేసుకుంది.
"అప్పా, టార్చిలైటు కూడా
నువ్వెక్కడున్నావని అడుగుతోంది!"
టార్చిలైటుకి నా దారెందుకే?
అది కదా నాకు దారి సూపించాల!
ఒక్కోటీ పీకేసింది. సివరాకరికి
"బావదో?" అంది.
"ఆపితే తెలిసిపోతాదప్పా."
అయ్య తెప్ప గుర్తొచ్చినాది.

ఇప్పుడు గురువారం గురువారం
ఫోను వాళ్ళింట్లో సార్జింగు ఎడతాను.
సుక్క అక్కడ బుద్దిగా కూకుంటాది.
నాను వంశధార
సముద్రంలో కలిసే కాడికి నడిసెల్తాను.
ఏటీ సెయ్యను.
ఉప్పునీటిలో ఒక కాలు, మంచినీటిలో ఒక కాలు.
ఎవల్నీ కలవను.
కలిసినా
అది నా రాయి, నా సేపలు.

మొన్న కడుపులోది మొదటిపాలి కదిలింది.
సరిగ్గా ఎక్కడంటే...
ఊఁహూఁ.

పైన సెప్పిన గురుతు కూడా నమ్మకండి.
తాళ్ళు జంట కాదు.