తాడు కొలత

గరమ కోటకు దక్షిణాన, గుట్ట కింద,
ఖర్జూరపు నారతో తాళ్లు పేనుతాను.
నా పేరు దస్సీన్.
మీ రాజ్యం ఎంత పెద్దదని అడిగిన వర్తకుడికి
గోడకు వేలాడే చుట్టను చూపించాను.

మా తాత పేనినప్పుడు తాడు మూడు నిలువులు.
ఆ మూడు నిలువుల అడుగున, చీకట్లో,
ఎవరూ తడవని ఏ కాలపు వానలో నీళ్లై ఉండేవి.
గుట్ట పాదం నుంచి పొలం దాకా సొరంగం తొలిచి,
గాలి కోసం దారి పొడుగునా బిలాలు తెరిచి,
ఆవును దొడ్లోకి తోలినట్టు, మెల్లగా,
ఆ నీటిని పల్లానికి తోలుకొచ్చారు.
గోధుమ మొలిచింది. ద్రాక్ష పాకింది.
ఆ తర్వాతే రాజు మొలిచాడు.

సముద్రం ఇక్కడికి ముప్పై రోజుల ఎండ.
ఆ ఎండలో కడుపునిండా తాగాలంటే
మా తొట్టి దగ్గరికే రావాలి.
అందుకే ఉత్తరాది దొరలు
నూనె జాడీలు, ఎర్రమట్టి పళ్లేలు మోసుకొచ్చి
గొంతు తగ్గించి మాట్లాడేవారు.
మా గుర్రాలకు జడిశారని పాటగాళ్లు పాడతారు.
గుర్రాలు ఏం తాగాయో పాడరు.

మా నాన్న నాటికి ఆరు నిలువులు.
నా పెళ్లినాటికి తొమ్మిది.
నీరు దిగినకొద్దీ కోట గోడ లేచింది,
ఎందుకో నాకు తెలీదు.

లోపలికి దిగేవాళ్లు మావాళ్లు కారు,
ఇసుక దాటి దక్షిణం నుంచి పట్టుకొచ్చినవాళ్లు.
తాళ్లకు లెక్క ఉంది, వాళ్లకు లేదు.
ఒకడి అసలు పేరు మా నోటికి తిరగలేదు.
ఉసెమ్ అన్నాం, మెరుపు అని.
పైకొచ్చిన ప్రతిసారీ తాడును కళ్లకద్దుకునేవాడు,
నా వంక చూసేవాడు కాదు.
ఒకరోజు తాడొక్కటే పైకొచ్చింది.
తెగలేదు. చివర ముడి నేను వేసినట్టే ఉంది.
దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్లీ అమ్మాను.
ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

ఈ ఏడు పన్నెండు నిలువులు కావాలని
కోట నుంచి బంటు వచ్చాడు.
కొత్త మనుషుల కోసం గుర్రాలు పోయాయట,
దారిలో నీళ్లు చాలక సగం నుంచే మళ్లాయట.
ఉత్తరం నూనె చూసి మూడేళ్లయింది.
"రాజుగారి ఆజ్ఞ" అన్నాడు, గొంతు జీరపోయి.
దాహమో, భయమో.

నార ఏదీ, అన్నాను.
నారనిచ్చే చెట్లు నీరందక తలలు వాల్చాయి.
తాడుకు చెట్టు కావాలి, చెట్టుకు నీరు,
నీటికి తాడు.
అతను వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టి
మొదటి వేలి దగ్గరికే వచ్చి ఆగిపోయాడు.

చివరికి మేకను కట్టిన తాడు విప్పి ఇచ్చాను,
రెండు మూరలు.
దాన్నే భుజాన వేసుకుని
అంత పెద్ద కోట వైపు నడిచాడు.

మేక ఎటూ పోలేదు.
తాతనాటి బిలం, ఇసుకతో పూడిపోయింది,
దాని చుట్టూ తవ్విపోసిన మట్టికట్ట నీడలో
పడుకుని నెమరేస్తోంది.