లిఫ్టు నాణేలు

మా తొమ్మిదో అంతస్తుకి లిఫ్టు ఊరికే రాదు.
పెట్టెలో ఇరవై తెత్రీలు వేస్తేనే,
ముసలి గుర్రంలా ఒకసారి తుమ్మి, కదులుతుంది.
త్బిలిసీలో మా పేట మేడలన్నీ ఇంతే.

లామారాకి భయం లిఫ్టంటే కాదు, నాణెమంటే.
చేపలమ్మే చేతి నుంచి,
ఆసుపత్రి గుమ్మంలో చాచిన చేతి నుంచి,
దగ్గి, ఆ గుప్పిటే జేబులో దూర్చినవాడి నుంచి
దొర్లుకుంటూ వచ్చిందని.
ఒక్క నాణెం మీద ఆమెకి ఊరంతా కనిపిస్తుంది.
నాకు అంకె కనిపిస్తుంది.

అందుకని ఏడేళ్లుగా, ఆమె పడుకున్నాక,
ఖాళీ పెరుగు జాడీలో సబ్బునీళ్లు పోసి
నాణేలు కడిగాను.
తువ్వాలు మీద వడియాల్లా ఆరబెట్టాను.
పొద్దున్నే ఆమె కోటు జేబులో నాలుగు.
కడుగుతున్నానని ఆమెకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు.
మా కాపురంలో ప్రేమలేఖలంటూ ఉంటే అవే.

అదొక్కటేనా.
తలుపు గొళ్లెం నేనే తీయాలి.
వాజా బట్టీలోంచి తీసిచ్చిన రొట్టెలో
అతని వేళ్లు తగిలిన కొస విరిచి నేను తినేసి
నడిమి ముక్క ఆమెకివ్వాలి.
పెళ్లిలో వదిన ముద్దుపెట్టబోతే
అడ్డం జరిగి నా బుగ్గ అప్పగించాలి.
ఆమె కుళాయి దగ్గరుంటే పలకరించకూడదు,
లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి.
ఫిబ్రవరికల్లా ఆమె వేళ్ల కణుపులు
పగిలిన దానిమ్మలు.

డాక్టర్ ఖాతూనా లామారాతో నలభై నిమిషాలు మాట్లాడి
నావైపు తిరిగింది.
"ఆ జాడీ ఎవరిది?"
నాదేనన్నాను, కాస్త గర్వంగానే.
"అయితే మందు మీకూ ఉంది. కడగడం మానేయండి."

నేను ద్రాక్ష నర్సరీలో పనిచేస్తాను.
మార్చిలో రోజుకి రెండొందలు అంటు కడతాను.
కోసిన కొమ్మని కోసిన కొమ్మకి ఆనించి,
గాయానికి గాయం ఒత్తిపట్టి, మైనం పూసి.
అంటుకుంటే చిగురు. లేకపోతే పొయ్యిలోకి.
ఇరవై ఏళ్లుగా నా తిండి అంటు మీదే.
ఇంటికొస్తే అదే మాటకి
ఆమె ఒళ్లు వణుకుతుంది.

సోమవారం ఆమెకి చెప్పే పెట్టాను
కడగని నాణెం.
లిఫ్టు ముందు పదకొండు నిమిషాలు నిలబడింది.
జూజూనా బామ్మ సంచులతో వచ్చి, చూసి,
ఏమీ అనకుండా మెట్లెక్కి పోయింది.
లామారా ఏడ్చింది. నన్ను తిట్టింది,
చచ్చిపోయిన మా నాన్నతో సహా.
నా జేబులో తడి రుమాలు ఉంది.
ఇవ్వలేదు.
ఆ రుమాలు బరువు నాకింకా గుర్తుంది.

మెట్లే ఎక్కాం. తొమ్మిది అంతస్తులు.
మర్నాడూ మెట్లే.
ఆ తర్వాతోనాడు ఐదో అంతస్తులో రొప్పుతూ ఆగి
"సూక్ష్మజీవులకన్నా ముందు
ఈ మెట్లే నన్ను చంపేట్టున్నాయి" అంది.
నవ్వింది కూడా. ఎన్నాళ్లయిందో.

గురువారం వేసింది.
చూపుడు వేలి గోటి కొసతో,
తేలుని తోసినట్టు.
లిఫ్టు తుమ్మింది. కదిలింది.
పైకొచ్చి చేతులు కడుక్కుంది.
నలభై సార్లు కాదు, ముప్పై ఒకటి.
నేను లెక్కపెట్టలేదు, ఆమే చెప్పింది
పరీక్ష రాసొచ్చిన పిల్లలా.

నిన్న మళ్లీ మెట్లే.
అలాగే ఉంటుంది అంది ఖాతూనా.
కట్టిన అంట్లన్నీ పట్టవు,
నాకు తెలీనిదా.

జాడీ కిటికీలో బోర్లా ఉంది.
రాత్రిళ్లు చేతులకి పని లేక
మంచం మీద ఆమె పక్కన కూర్చుంటున్నాను.
నా గోళ్లలో తోట మట్టి.
దుప్పటి మీద ఆమె చెయ్యి
మొన్నటిదాకా నా చేతికి జానెడు దూరం.
ఇవాళ బెత్తెడు.