కోడి దిగేదాకా

జ్ఞానాపురం వంతెన దిగి, పాత ఇనుము కొట్ల వెనకాల
అసిరమ్మ దొడ్లో ఉందన్నారు.
పద్మినీ. డెబ్బై ఎనిమిది మోడలు.
నా షెడ్డులో ఉన్నదీ అదే.
అదే ఏడు, అదే పాలమీగడ రంగు.
నాది లేవాలి,
ఇది ఇక లేవదు.

"డోనర్ కారమ్మా" అన్నాడు గౌరీసు, పానాల సంచి దింపుతూ.
దాత అన్నమాట.
దాతంటే ఇస్తానన్నవాడు కదా,
దీన్నెవరడిగారు?
ఎవరూ అడగలేదు.
బానెట్ ఎత్తాం.

సముద్రం అక్కడెక్కడో ఉన్నా
రోజూ ఇక్కడికొచ్చి పోతున్నట్టుంది.
మడ్‌గార్డు మడతల్లో రేకు అప్పడంలా పొంగింది;
నొక్కితే వేలు లోపలికే పోయింది.
ఈ ఊళ్లో కిటికీ చువ్వైనా, సైకిలు చైనైనా
ఉప్పుగాలికి పన్ను కట్టాల్సిందే.

బోల్టులు రావు.
కిరసనాయిలు పోసి, టీ తాగి వచ్చాం. రాలేదు.
సుత్తితో కొట్టాను, ఓ మాట కూడా అన్నాను.
గౌరీసు డాక్‌యార్డులో ముప్పై ఏళ్లు ఓడల పొట్టలు విప్పినవాడు.
"కోపంగా సెప్తే ఇనుము ఇనదమ్మా,
ముందు కూసింత బిగించాల. అప్పుడు ఇప్పాల."
అరచుట్టు బిగించాం.
కిర్రుమంది. వచ్చేసింది.

గోనెపట్టా మీద ఒక్కొక్కటీ పరిచాం:
కార్బొరేటరు, దాని నోట్లో కందిరీగ మట్టిగూడు,
వైపరు మోటారు,
తలుపు మూలనుండే త్రికోణపు అద్దం, గీత కూడా లేకుండా.
డ్యాష్‌బోర్డు అరలో పోర్టు ఆసుపత్రి చీటీ:
దగ్గు మందు, పూటకో చెంచా.
పేరున్న చోట చెదలు తిన్న కన్నం.
తగ్గిందో లేదో.

స్పీడోమీటరు ఊడి చేతికొచ్చింది,
అరవై ఒక్క వేల నాలుగు వందల ఎనిమిది దగ్గర ఆగి.
"ఎనక్కి తిప్పీమంటారా, మీ బండి లెక్కకి?"
వద్దన్నాను.
చింపిన టికెట్టు వెనక్కి తీసుకోం మేము.

నేను వచ్చింది అసలు సీటు కోసం.
పద్దెనిమిదేళ్లుగా ఆర్టీసీ బస్సులో
నిలబడి ఊరంతా తిరిగినదాన్ని.
గాజువాక నిలబడే, మధురవాడ నిలబడే,
బస్సు నిండా నా చేత్తో ఇచ్చిన సీట్లే,
నాకొకటి లేదు.
నా బండిలో ఎలకలు కొట్టేసింది ముందు బెంచీ సీటే.
దీనిది మాత్రం కుట్టు చెదరలేదు.

తలుపు తీశాను.
స్టీరింగు ముందు కోడి.

ఎర్రది. ఒక కన్నుతో నన్ను చూసి,
రెండో కన్నుతో రోడ్డు చూస్తున్నట్టు అటు తిరిగింది.
"ఆ సీటు ఒగ్గీయండమ్మా" అసిరమ్మ కేకేసింది,
"పదకొండు గుడ్లు. మొన్నే కూకుంది."

ఎంతమంది మగాళ్లని లేపానో
స్త్రీలకు కేటాయించిన సీట్లలోంచి.
నిద్ర నటించేవాళ్లని, వినబడనట్టుండేవాళ్లని,
ఒకసారి ఎస్సైని కూడా.
ఈవిణ్ణి ఏ రూలు చూపించి లేపను?

ఇరవై ఒక్క రోజులు.
డ్యూటీ దిగాక వచ్చి చుట్టూ విప్పుకుంటూ పోయాం,
చప్పుడు చేయకుండా.
చక్రాలు పోయాయి, తలుపులు పోయాయి, అద్దం పోయింది.
రాత్రి వాన పడితే అసిరమ్మ టార్పాలిన్ కప్పింది.
పొద్దున్న ఎత్తి చూస్తే
కారంటూ ఏమీ మిగల్లేదు,
డ్రైవరు ఉంది.

తొమ్మిది పిల్లలయ్యాయి.
ఒక గుడ్డు పగల్లేదు. ఒకటి ఏమైందో తెలీదు.
సీటు మొయ్యబోతే అసిరమ్మ అడ్డం నిలబడింది:
"రెండొందలు ఎక్కువియ్యాల. పురుడు పోసుకున్న సీటు."
బేరమాడలేదు.

సబ్బుతో కడిగాను, ఎండబెట్టాను, మళ్లీ కడిగాను.
మధ్యలో చిన్న గుంట అలాగే ఉంది.
స్ప్రింగు మార్చనా అన్నాడు గౌరీసు.
దానికి కొలత సరిపోయింది, నాకూ సరిపోయింది.

మొన్న హనుమంతవాక మలుపులో గట్టిగా బ్రేకేస్తే
సీటు కుట్లలోంచి ఒక ఎర్ర ఈక లేచి
మీటరు మీద వాలింది,
అరవై ఒక్క వేల ఐదు వందల రెండు.

కూర్చునే ఉన్నాను.
అలవాటు కొద్దీ అన్నాను,
రైట్, రైట్.