తడి లెక్క

దేవరకొండ బస్టాండు ఎనక
ప్లాస్టిక్ సామాన్ల దుకాణంల
డబ్బా తీసి చూపెట్టిండు సేటు:
"నీళ్లల్ల ముంచినా సుక్క దిగదన్నా."
నేను బకీటు అడిగిన.

ఆయన నవ్విండు. నేను నవ్వలే.
ఇరవై ఏండ్ల సంది కరెంటు స్తంభాలెక్కెటోణ్ణి,
వాన దిగదని పంపిన మీటరు డబ్బాల్ల
చీమలు గుడ్లు పెట్టుడు చూసినోణ్ణి.
మాట ఎవలిదైనా ఇంట గని
రబ్బరు అంచును గోటితోని ఒత్తి చూసినంకనే నమ్ముత.

నాలుగు డబ్బాలు ముంచిన.
ఒక్కోదాంట్ల పాత పేపరు ముక్క,
పైన రాయి,
నేను చాయ్ తాగొచ్చేదాక.
మొదటిది బుడగలిడిసింది, దాని సంగతి అప్పుడే తెలిసింది.
రెండోదాంట్ల పేపరు మూల నానింది.
మూడోది పొడిగనే ఉన్నది గని
పట్టీ తియ్యాలంటె రెండు చేతులు గావాలె.
నీళ్ల మీద నాకు మిగిలేది ఒకటే చెయ్యి,
రెండోది తెడ్డుది.
నాలుగోది నారింజ రంగు. ఆరు వందల యాభై.
ఒక్క రూపాయి తగ్గియ్యలే సేటు,
దుకాణం ముందట బురద చేసిన్నని కోపం.

నారింజే ఎందుకంటె,
వానకాలం డిండి నీళ్లది చాయ్ రంగు.
నల్ల డబ్బా జారితె
డబ్బా ఏదో చెరువేదో.

ఆదివారం పొద్దుగాల,
ఎవరో బోటింగోళ్లు పక్కకు పడేస్తె కొన్న కయాకు,
పొట్ట కింద నేనే కాల్చి అతికిన మచ్చ.
కాళ్ల నడుమ డబ్బా, దాని చెవికి తాడు.
జెల్లలకు సన్న గాలాలు ఒక అరల,
వాలుగ పండ్లకు తెగని ఉక్కు తీగలు ఇంకో అరల,
సీసం గుండ్లు అడుగున.
కొర్రమట్ట కోసం తెప్పిచ్చిన రబ్బరు కప్ప
ఒక్కతే ఒక అరల, పటేలు లెక్క.

పుట్టిల కూసున్న ఉప్పలయ్య తాత
మెడ సాపి చూసి
"గాలాలకు ఇల్లు గట్టినవా బిడ్డా" అన్నడు.
ఆయన గాలాలు తలకు సుట్టిన తువ్వాలకే గుచ్చి ఉంటయి.
తువ్వాల తడుస్తది, ఎండుతది, మల్ల తడుస్తది.
తుప్పు పట్టిందాన్ని పుట్టి అంచున రాయి మీద రుద్ది
ఏం కానట్టు ఎర్ర గుచ్చుతడు.

అటెంక వాయుగుండం.
మల్లేపల్లి నుంచి చందంపేట దాక
స్తంభాలు పండుకున్నయి.
పందొమ్మిది దినాలు ఇంటికి నిద్రకే వచ్చిన,
కొన్నాళ్లు దానిక్కూడ రాలే.

ఇరవయ్యో నాడు మూత తీస్తె
ముక్కుల పడ్డది పాత ఇనుము వాసన.
గాలాలన్నీ ఎర్రగ, ఒకదాన్నొకటి కరుసుకోని.
రబ్బరు అంచు కొత్తగనే ఉన్నది.
ఎక్కడ దిగింది నీళ్లు?
అర అర చూసుకుంట పోతె
కప్ప కనబడ్డది, మెరుసుకుంట, నిన్న కొన్నట్టు.
ఆ ఆదివారం చీకటి పడుతుంటె
దాన్ని తడితోనే పెట్టి మూసిన.
సేటు అబద్ధం చెప్పలే.
సుక్క దిగదు.
లోపలికి పోయింది బయటికి గూడ రాదు.
ఆ రెండో మాట ఆయన చెప్పలే, నేను అడగలే.

చెడిన గాలాలు ఉప్పలయ్యకిచ్చిన.
సగం తువ్వాలెక్కినయి,
సగం ఆయన గూడ పారేసిండు.

ఇప్పుడు ఇంటికి రాంగనే
డబ్బా నోరు తెరిసి ఫ్యాను కింద పెడుత.
ఎండకు పెట్ట, ఎండకు రబ్బరు పగులుతది.
గాలాలకు కుట్టు మిషను నూనె,
మూలకు రెండు సుద్ద ముక్కలు,
బడి బూట్ల డబ్బాల వచ్చిన తెల్ల పొట్లాలు నాలుగు.
పొట్లాల కోసం పిల్లతోని కొట్లాట.
కప్పను దండెం మీద క్లిప్పుకు ఏలాడదీస్త.
"నా చీరెకు క్లిప్పు లేదు, కప్పకున్నదా"
అంటది అనసూర్య, క్లిప్పు మాత్రం గుంజుకోదు.

మళ్ల మబ్బు పట్టింది, ఫోను మోగబట్టె.
ఎక్కడో తీగ తెగినట్టున్నది.
చెప్పులేసుకోని, డబ్బా చేతుల పట్టుకోని
దండెం కింద నిలబడ్డ.
కప్ప కాలి కొసకు ఒక్క సుక్క
పడుడా వద్దా అన్నట్టున్నది.
మోగనియ్యి ఫోను.
అది పడనీ.