అరువు గొంతు

మా గర్బాతెల్లా పేటలో వేసవి సినిమా అంటే
చర్చి వెనక పెరడు, రెండొందల ప్లాస్టిక్ కుర్చీలు,
గోడకి కట్టిన తెర, దోమలు.
టికెట్లు చింపడం నా పని.

గురువారాలు పాత సినిమాలు.
అంటే గార్డ్‌నర్ హేల్ సినిమాలే అనుకోండి.
ఆయన పోయి యాభై ఏళ్లు.
ఆ కోటు పోయింది, ఆ టోపీ పోయింది,
అరచెయ్యి అడ్డం పెట్టి సిగరెట్టు వెలిగించే తీరూ పోయింది.
అయినా గురువారం వస్తే కుర్చీలు చాలవు.
పంతొమ్మిదేళ్ల పిల్లలు గోడవార నిలబడతారు.
ఆయన తెరమీంచి ఇటు చూస్తే చాలు,
ఐస్‌క్రీము మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోరు.

అందగాడే, కాదనను.
కానీ ఆ రోజుల్లో అందగాళ్లు బుట్టలకొద్దీ ఉండేవారు.
వాళ్ల పేర్లు ఇప్పుడు వాళ్ల మనవలకే తెలియవు.

నెరీనా కొస్సుత్తా గారిది మూడో వరస, చివరి కుర్చీ.
ఆవిడ తెర చూడదు.
చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటుంది.
మా దేశంలో గార్డ్‌నర్ హేల్
ముప్పై ఒక్క సినిమాల్లో మాట్లాడింది
ఆవిడ మొగుడు ఒత్తావియో గొంతుతో.
పొట్టివాడు, బట్టతల, ఉల్లిపాయ పడదు.
చీకటి గదిలో ముక్కాలిపీట ఎక్కి, మైకు ముందు నిలబడి
ఆ ఆరడుగుల మనిషి పెదాలకి
మాటలు తొడిగేవాడు,
బడికెళ్లే పిల్లాడికి చొక్కా గుండీలు పెట్టినట్టు.

వీధిలో ఎవరూ గుర్తుపట్టేవారు కాదు.
కూరల కొట్లో "రెండు కిలోల టమాటాలు" అన్నాడంటే మాత్రం
బేరమాడే ఆడవాళ్లు గిరుక్కున తిరిగేవారట.
తిరిగి, చూసి, మళ్లీ టమాటాలకేసి.
"మెడలు ఇటు తిరిగితే గర్వంగా ఉండేది,
అటు తిరిగితే తన్నాలనిపించేది" అంది ఒకసారి.

ఈ జులైలో కొత్తగా శుభ్రం చేసిన ప్రింటు వచ్చింది,
అసలు గొంతుతో, కింద అక్షరాలతో.
ఆవిడకి చెప్పాలి. చెప్పలేదు.
టికెట్టు చింపి చేతిలో పెట్టాను, వెధవని.

తెరమీద ఓడరేవు. వాన. ఆయన నోరు తెరిచాడు.
సన్నటి గొంతు. కాస్త ముక్కుతో.
వరసల్లో ఎవరో నవ్వారు.
నెరీనా గారు కళ్లు తెరిచింది.
ఇన్నేళ్లుగా ఎరిగిన మొహాన్ని
పొరపాటున తలుపు తట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.
లేచిపోతుందనుకున్నాను.
గేటు గడియ తీసి పట్టుకున్నాను కూడా.

లేవలేదు.
ఇంకో ఇరవై నిమిషాలకి సినిమాలో అమ్మాయి అడిగింది,
నువ్వు రాకపోతే నేనేం చెయ్యాలి అని.
హేల్ వెంటనే జవాబివ్వడు.
గ్లాసు కింద పెడతాడు. చూపు కిటికీదాకా పోయొస్తుంది.
పెదవి కదలబోయి ఆగుతుంది.
అప్పుడు, మామూలుగా, ఏవో రెండు మాటలు.
ఇందాక నవ్వినవాళ్లు కుర్చీ అంచుకి వచ్చేశారు.
ఆ మాటలేమిటో ఇప్పుడు నాకు గుర్తులేదు.
ఆగడం గుర్తుంది.

ఆట అయ్యాక కుర్చీలు మడతపెడుతుంటే
ఆవిడ అక్కడే ఉంది, సంచి తెరుస్తూ, మూస్తూ.
"ఒరే ఫూల్వియో, నా మొగుడు
ఉప్పు సరిపోయిందా అంటే కూడా
కాసేపాగి చెప్పేవాడు.
నలభై ఏళ్లు ఆ ఆగుడుతో వేగలేక చచ్చాను.
నేనంటే ఇష్టమేనా అని అడిగిన రోజూ అంతే,
చెంచా కింద పెట్టి, కిటికీకేసి చూసి...
మాట తూచి ఇచ్చే మనిషని మా అమ్మ మురిసిపోయేది.
తక్కెడ ఎవరిదో ఈ రోజు తెలిసింది."

అది కోపమో నవ్వో పోల్చుకోలేకపోయాను.
తెర దింపుతున్నారు, కప్పీ కిర్రుమంటోంది.
వచ్చే గురువారం మన పాత ప్రింటే తెప్పించనా అన్నాను.

ఆవిడ సంచి గొళ్లెం పెట్టింది.
వీధి దీపంకేసి చూసింది.
పెదవి కదలబోయి ఆగింది.

నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.
ఎంతసేపైనా నిలబడేవాణ్ణే.