మర లేని కొళాయి

టికెట్టు ధర చూసి
కొలోసియం చుట్టూ బయటే రెండుసార్లు తిరిగినాం.
ప్రదక్షిణ అయిపోయిందిలే, అన్నాడు ఓబుళేసు.

కళ్యాణదుర్గంలో కట్టుకున్న జొన్నరొట్టెలు
మూడోనాటికి అప్పడాలై విరుగుతాండాయి.
చెనిగ్గింజల పొడి గొంతులో పట్టుకుంటే
నీళ్లకని వెతికినాం.
సందు మలుపులో ఇనప కొళాయి, వంగిన ముక్కు,
ఎవురూ పట్టుకోకుండానే పోతాంది.

బోరు మోటార్లు బాగుచేసే మనిషి కదా,
ముందూ ఎనకా తడిమినాడు. మర లేదు.
ముక్కుకు వేలు అడ్డం పెడితే
పైబొక్కలోంచి చిమ్మి చొక్కా తడిసింది.
"ఆపేదెట్లమ్మా?" తెలుగులోనే అడిగినాడు.
పూలమ్మే ముసలామె నవ్వి
తాగమని దోసిలి చూపింది.
తాగలా. సీసాలు నింపినాడు, ఉన్న నాలుగూ,
ఆనక నా టిఫిను డబ్బా, దాని మూత.
ఆ పూట చూడాల్సిన చర్చి మూసేసినారు.

ఈపొద్దు మాకు నీళ్లొచ్చే రోజు.
రోములో ఏం చూసినారక్కా అని
గోడవతల మస్తానమ్మ.
నేను నోరు తెరిచేలోగా కొళాయి దగ్గింది.
వట్టి గాలి. తర్వాత ఎర్రగా సన్నధార.

ఆఖరి బిందె నిండినాక
ఓబుళేసు వంగి మర బిగించినాడు,
మళ్లీ ఇంకోసారి బిగించినాడు.
మొదటిది దీనికి.
రెండోది దేనికో నేనడగలా.